నలభై రెండో దినం

పంది పిల్ల పళ్ళతోనే పుడుతుంది. పైన నాలుగు, కింద నాలుగు, సూదుల్లాంటి ఎనిమిది పళ్ళు. పుట్టిన రోజే వాటి మొనలు కత్తిరించకపోతే పాలు తాగేటప్పుడు తల్లి చన్ను చీరుకుపోతుంది. నొప్పికి తల్లి ఉలిక్కిపడి లేస్తుంది. మళ్ళీ పడుకునేటప్పుడు కిందున్నది నేలో, పిల్లో చూసుకోదు. ఈ సంగతి వినుతకు ఎవరూ చెప్పలేదు. ఐదేళ్ళ కిందట మొదటి ఈతలో మూడు పిల్లలు నలిగి చచ్చాక తనంతట తానే తెలుసుకుంది. ఆ మూడూ ఆమె చేతి గుణం వల్లే పోయాయని అత్త ఊరంతా చెప్పింది. ఆ తర్వాత పందుల షెడ్డులో బతికిన మూడు వందల పిల్లల గురించి మాత్రం ఎవరి చేతి గుణమూ ఎవరికీ గుర్తు రాలేదు.

ఆ రోజు ఉదయం ఆరింటికి ఆమె పళ్ళు కత్తిరించే కత్తెరను ఇంటి వెనక కట్టెల పొయ్యి మీద కాగబెడుతోంది.

"ఆ గిన్నె ఎవురిది?" అని సుబ్బలక్ష్మమ్మ గడప లోపల నిలబడి అడిగింది.

"షెడ్డు గిన్నె అత్తా."

"పొయ్యి?"

"బయటిదే కదా."

"బయటిదైనా నా పొయ్యే. ఆర్పు. తలకు పోసుకొని పసుపు నీళ్ళు చల్లుకొని లోపలికి రా. ఈ పొద్దు ఇంగ షెడ్డు తట్టు తిరిగి చూడబాక. బెంగళూరు నుంచి వీడియోవాళ్ళు వస్తాండారు. చిక్కబళ్ళాపురం నుంచి మా రూప వస్తాంది. మా ఇంటి కోడలు పేడ ఎత్తతా కనబడితే బాగేపల్లి అంతా నవ్వుతారు."

వినుత లేచి నిలబడింది. "కాటుక పందికి రాత్రే పాలు దిగినాయత్తా. గడ్డి అంతా నోటితో పోగేసుకుంటాంది. ఈ పొద్దే ఈనుతుంది. తొలి ఈత. తొలి ఈత పందికి పిల్ల అరుపు వింటే బెదురు పుడుతుంది. నేను పక్కన లేకపోతే..."

"మగోడుండాడు, చూసుకుంటాడు." అత్త గొంతు తగ్గించింది. ఆమె గొంతు తగ్గించినప్పుడే వినుతకు భయం. "పాప సంగతి నువ్వు అడిగినావు కదా. ఈ ఒక్క దినం మర్యాదగా ఉండు. పట్టుచీర కట్టుకో, ఒబ్బట్లు చెయ్యి, నలుగురి ముందర నలుగురు ఆడవాళ్ళ మాదిరి ఉండు. ఆమీద స్మితను పంపేదా వద్దా, ఆలోచిస్తాం."

అదీ బేరం. అత్త కూతురు రూప తన మేనకోడలిని, వినుత కూతురు స్మితను, చిక్కబళ్ళాపురానికి తీసుకుపోయి అక్కడి ఇంగ్లీషు బడిలో వేస్తానంటోంది. ఐదేళ్ళ పిల్ల. పరగోడు ఊరి బడిలో దాన్ని 'పందుల స్మిత' అని పిలుస్తున్నారట. ఇంటి పరువు నిలవాలంటే పిల్లను పంపాలట. పరువుకు వాసన కొడుతున్న పందుల మీద వచ్చిన డబ్బుతోనే ముందు గదికి గ్రానైటు వేశారు, అత్త చేతికి గాజులు వచ్చాయి, రూపకు పుట్టింటి పండగ చీరలు పోయాయి. ఆ డబ్బుకు వాసన లేదు. వినుత భర్త అమరనాథ్‌కూ లేదు. అతను పందులు కొనడానికి వచ్చినవాళ్ళను షెడ్డు గుమ్మం దాకా తీసుకుపోయి, చెప్పులు ముందు వాకిట్లో విడిచి, తిన్నగా వచ్చి సోఫాలో కూర్చుంటాడు. ఒకసారి వినుత అడిగింది కూడా. "మగోళ్ళకు అంటదు" అంది అత్త. ఆడవాళ్ళకు మాత్రం అంటుతుంది. వెనక వాకిలి, విడి స్నానం, విడి చీర, విడి గ్లాసు. తలారా పోసుకొని వచ్చాక కూడా స్మిత పరిగెత్తుకొచ్చి కాళ్ళకు చుట్టుకోబోతే, "ఉండు పాపా, అమ్మ ఆరనీ" అని అత్త చేయి పట్టి ఆపుతుంది. ఉతికి తీగ మీద వేసిన గుడ్డా తను, ఆరడానికి?

అయినా సరేనంది. పొయ్యి ఆర్పింది. కత్తెరను, అయోడిన్ సీసాను, బొడ్డు కట్టే దారాన్ని, తుడిచే పాత గుడ్డల్ని ఒక గంపలో సర్ది షెడ్డు గుమ్మంలో పెట్టి తలస్నానానికి పోయింది. పిల్ల తన దగ్గర ఉండటానికి ఒక దినం పందుల వంక చూడకపోతే చాలంటే, చూడకుండా ఉండగలదు.

ఎనిమిదింటికి అమరనాథ్ నీలం చొక్కా ఇస్త్రీ చేయించుకొని, సెంటు కొట్టుకొని వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో పెన్ను.

"ఇనుము సూది ఎన్నో దినం?"

"మూడో దినం. మెడ పక్కన."

అతను ఎడమ అరచేతిలో రాసుకున్నాడు. "బల్బు ఎంత వేడి?"

"ముప్పై నాలుగు డిగ్రీలు, మొదటి వారం. పిల్లలు ఒకదాని మీద ఒకటి పడుంటే చలి. దూరం దూరంగా పడుంటే వేడి ఎక్కువ. డిగ్రీలు కాదు, పిల్లల్ని చూడాల."

"అంత రాసేదానికి చోటు లేదు. దాణా ఎప్పుడు అలవాటు చేస్తాం?"

"పదో దినం నుంచి, చిటికెడు చిటికెడుగా."

"పాలు మాన్పించేది?"

"నలభై రెండో దినం. చింతామణి పిల్లలకు ఈ పొద్దే నలభై రెండు. సాయంత్రం వేరు చెయ్యాల." చింతామణి అంటే ఆ పేరు గల ఊరి దగ్గర సులోచనమ్మ ఫారంలో కొన్న పెద్ద పంది. షెడ్డులో అన్నిటికన్నా మంచి తల్లి. "ఇదో, కాటుక ఈ పొద్దు ఈనుతుంది. ఎవురినీ లోపలికి తీసుకుపోబాక. ఆ సెంటు వాసన దానికి తెలీదు. పిల్లను దాని ముందర ఎత్తబాక."

"నాకు చెప్తావా?" అని అతను అరచేతి మీద ఊదుకుంటూ పోయాడు. సిరా ఆరాలి కదా.

వినుత పెనం మీద ఒబ్బట్టు వేసింది. ఐదేళ్ళుగా తను నిద్రలో కూడా లెక్కపెట్టే రోజులు ఆయన అరచేతిలో నాలుగు గీతలు. చెమట పడితే పోతాయి. పోయినా పరవాలేదు, మళ్ళీ వంటింటి గుమ్మంలోకి వచ్చి అడగొచ్చు. షెడ్డు మొదలుపెట్టినప్పుడు స్మితకు ఏడు నెలలు. టమాటా పోయింది, బోరు ఎండింది, పందులు పెడదామన్నది అతనే. పని మనుషులు వారం నిలబడలేదు. "నాలుగు దినాలు చూడు వినుతా, మనిషి దొరికేదాక" అన్నాడు. ఆ మనిషి ఐదేళ్ళుగా దొరుకుతూనే ఉన్నాడు. "ఆ చేతుల్తో బిడ్డకు పాలిస్తావా?" అని అత్త వినుత రొమ్ములకు వేపాకు ముద్ద పూయించి, పిల్లను తన పక్కలో వేసుకుంది. పిల్ల పదకొండు రోజులు ఏడ్చింది. వినుత షెడ్డులో గోనెసంచి మీద కూర్చుని, వరసగా పడుకొని పాలు తాగుతున్న పంది పిల్లల్ని చూస్తూ ఉంటే రవిక ముందు భాగం తడిసిపోయేది. బక్కగా ఉన్న పిల్లను ఎత్తి ముందు చన్నుకు పెట్టేది. ముందు చన్నుల్లో పాలెక్కువ. అక్కడ చేరిన పిల్ల బతికిపోతుంది. పంది పిల్లలకు దేని చన్ను దానికి ఉంది. ఆమె బిడ్డకు లేకపోయింది.

తొమ్మిదిన్నరకు రూప కారు దిగింది. అమరనాథ్ చెల్లెలు. ఎలక్ట్రికల్ షాపు భర్తను, ఇద్దరు కొడుకులను ఇంట్లో వదిలి ఒక్కతే వచ్చింది. వంటింట్లోకి తొంగి చూసి ముక్కు దగ్గర వేలు పెట్టుకుని, అది కనబడకుండా ముక్కుపుడక సవరించుకుంది.

"పట్టుచీరలో బాగుండావు వదినా. తలకు పోసుకున్నావా? ఎంత పోసుకున్నా జడలో నిలిచిపోతుంది పాపం, నీ తప్పు కాదులే."

"స్మిత యాడుండాది రూపా?"

"అమ్మతో ఉండాది. కొత్త గౌను వేసుకుంటాంది. నీకేం తొందర? ఒబ్బట్లు కానీ."

పదింటికి వీడియోవాళ్ళ బండి వచ్చింది. పునీత్ అనే గడ్డం కుర్రాడు, కెమెరా, గొడుగంత లైటు. రైతుల గెలుపు కథలు తీసి ఫోన్లలో పెడతాడట. లక్షల మంది చూస్తారట. వంటింటి కిటికీ ఎదురుగానే కుర్చీలు వేశారు. కన్నడలో మాటలు మొదలయ్యాయి. అమరనాథ్ ప్రతి జవాబుకు ముందు అరచెయ్యి చూసుకుంటున్నాడు, గడియారం చూసుకున్నట్టుగా.

"పుట్టిన పిల్లల్లో ఎన్ని చనిపోతాయి సార్ మీ దగ్గర?"

"నూటికి ఐదు కూడా పోవు సార్. రాత్రింబవళ్ళు పక్కనే ఉంటా. సొంత బిడ్డల కన్నా ఎక్కువగా చూసుకుంటా."

వినుత చేతిలో పిండి ముద్ద ఆగింది.

"ఎంతమంది పని చేస్తారు?"

"నేనొక్కడినే. అప్పుడప్పుడు కూలి మనుషులు."

"మరి మీ ఇంటి ఆడవాళ్ళు?"

"అయ్యో, మా ఇంటి ఆడవాళ్ళు షెడ్డు గుమ్మం తొక్కరు సార్. మాది మర్యాద గల కుటుంబం."

ముందు గదిలోంచి అత్త మెచ్చుకోలుగా దగ్గడం వినబడింది. వినుత పిండిని అరచేత్తో అదిమింది. అదిమి అదిమి అది ఒబ్బట్టు కాకుండా పోయింది. సరే, అబద్ధం చెప్పుకోనీ. పేరు అతనికే పోనీ. సాయంత్రానికి వీళ్ళంతా పోతారు, పిల్ల ఉంటుంది. పిల్ల ఉంటే చాలు.

అప్పుడే షెడ్డులోంచి మొదటి అరుపు వినబడింది. సన్నగా, తడిగా. పుట్టింది. పది నిమిషాలకు ఇంకొకటి. వినుత ఒబ్బట్టు తిప్పుతూనే లెక్క పెట్టుకుంది. మూడు. నాలుగు. కాటుక గురక సమంగా ఉంది. ఎవరూ జోలికి పోకపోతే చాలు.

"సార్, ఈనుతోంది! లైవ్‌గా తీద్దామా?" పునీత్ గొంతు.

"రండి రండి, నా పంది నన్నేం చేస్తుంది" అన్నాడు అమరనాథ్.

కుర్చీలు జరిగిన చప్పుడు. బూట్ల చప్పుడు. కిటికీ ఊచల్లోంచి గొడుగు లైటు తెల్లగా షెడ్డులోకి పోవడం కనబడింది. వినుత స్టవ్ ఆపేసింది. వెనక తలుపు గడియ మీద చెయ్యి వేసింది. ఆ గడియ తీస్తే స్మిత పోతుంది. తీయకపోతే... షెడ్డులో పిల్ల అరుపు మారింది. వెనక కాలు పట్టి తలకిందులుగా ఎత్తితే అరిచే అరుపు అది. వెయ్యి అరుపుల్లో గుర్తుపడుతుంది. కెమెరాకు చూపిస్తున్నాడు. వెంటనే కాటుక గురక ఆగిపోయింది. గురక ఆగిన తర్వాత ఏం జరుగుతుందో వినుతకు తెలుసు.

అయినా గడియ తీయలేదు.

"అమ్మా." వెనక స్మిత. కొత్త గౌను, రెండు జడలు, కొత్త బూట్లు. "నా బ్యాగు కారులో పెట్టేసినారు. నా పలక కూడా పెట్టేసినారు. రూపత్త చెప్పింది, నువ్వు వంట చేస్తా ఉండేటప్పుడే పోవాలంట. నీకు చెప్తే ఏడుస్తావంట. నువ్వు ఏడుస్తావా అమ్మా?"

కోపం తలకెక్కితే కళ్ళకు చీకట్లు కమ్ముతాయంటారు. వినుతకు అన్నీ మరీ స్పష్టంగా కనబడ్డాయి. పెనం మీద మాడిన ఒబ్బట్టు. కూతురి జడకు కట్టిన రిబ్బను, తను కట్టనిది. ఐదేళ్ళుగా తను చేసుకున్న బేరాలన్నీ. పసుపు నీళ్ళు చల్లుకుంటే లోపలికి రానిస్తామన్నారు, చల్లుకుంది. విడి గ్లాసులో తాగమన్నారు, తాగింది. ఈ ఒక్క దినం మర్యాదగా ఉండమన్నారు. మర్యాదగా ఉన్నంత సేపట్లో బ్యాగు సర్దేశారు.

"ఏడవను" అంది. కూతురి చెయ్యి పట్టుకుని, వెనక తలుపు వదిలేసి, ముందు గది గుండా నడిచింది. దగ్గర దారి అదే.

"ఏయ్, యాడికి?" అత్త సోఫాలోంచి లేచింది. "చెప్పినాను కదా, షెడ్డులో అడుగు పెడితే పాపను పంపేస్తాం చూడు!"

"బ్యాగు కారెక్కింది కదత్తా. ఇంకేం చూపిచ్చి బెదిరిస్తావు?"

షెడ్డులో లైటు కింద అమరనాథ్ ఇటుక గోడ మీదికి ఎక్కి కూర్చుని ఉన్నాడు. నీలం చొక్కా భుజం దగ్గర చిరిగింది. కాటుక నోరు తెరిచి, నురగ కారుస్తూ గోడకేసి పొడుస్తోంది. అతను జారవిడిచిన పిల్ల దాని ముందు కాలి కింద నలిగి చచ్చిపడి ఉంది. మిగిలిన మూడూ ఎటు పోవాలో తెలియక అరుస్తున్నాయి. ఆ అరుపుకే అది ఇంకా రేగుతోంది.

"ఆ లైటు ఆర్పండి. అందరూ బయటికి పోండి. నువ్వు కూడా దిగు, అటు పక్కకు." ఆమె గొంతు పెంచలేదు. షెడ్డులో ఎప్పుడూ పెంచదు. స్మితను తలుపు అవతల మేత మూటల మీద కూర్చోబెట్టి, పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తి నడుముకు దోపుకుంది. ప్లైవుడ్ పలకను అడ్డం పెట్టుకుని లోపలికి దిగింది. "బా... బా తల్లీ... బా..." ఆరు నెలలుగా మేతకు రమ్మని పిలిచే మాటే. కాటుక చెవులు ఇటు తిరిగాయి. పలక వెనకనుంచి ఒక్కొక్క పిల్లనూ నోరు మూసి, అరవనివ్వకుండా గంపలోకి తీసింది. గంపను బల్బు కింద పెట్టింది. పందికి దూరంగా, కళ్ళకు కనబడకుండా. తర్వాత దాని పొట్ట పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చన్నుల వరస మీద అరచేత్తో నిమరడం మొదలుపెట్టింది. తొలి ఈత భయం. ఏమవుతుందో తెలియని నొప్పి, చుట్టూ కొత్త మనుషులు, లైట్లు, నీ బిడ్డను నీ కళ్ళ ముందే ఎవడో కాలు పట్టి ఎత్తడం. పొడవకుండా ఎట్లుంటావులే నువ్వు. నేనైతే ఇన్నాళ్ళూ పొడవకుండా ఎట్లున్నానో అదే తెలియడం లేదు.

కాసేపటికి కాటుక బరువుగా ఒరిగింది. గురక మొదలైంది.

ఐదోది వచ్చింది. వినుత గుడ్డతో తుడిచి, బొడ్డు కట్టి, అయోడిన్ ముంచి గంపలో వేసింది. ఆరు, ఏడు. ఎనిమిదోది ఊపిరి లేకుండా పడింది. ముక్కులోని జిగురును తన నోటితో పీల్చి ఉమ్మి, తలకిందులుగా పట్టి వీపు రుద్దింది. రుద్దుతూ ఉండగానే బయటినుంచి పునీత్ గుసగుసగా అడగడం వినబడింది.

"ఇవరు యారు సార్?"

ఎవరీమె? ఆ క్షణంలో వినుత చేతులు ఆగలేదు కానీ మిగతా ప్రాణమంతా ఆగి విన్నది.

"కెలసదవళు సార్" అన్నాడు అమరనాథ్. పని మనిషి. "మా షెడ్డు పనామె."

పట్టుచీరలో ఉన్న పనామె. తాళి ఉన్న పనామె. అతని కూతురు తలుపు అవతల కూర్చుని "అమ్మా" అని పిలుస్తుంటే, అతని కెమెరా ముందు అతని పనామె. ముందు ఆడవాళ్ళు షెడ్డు తొక్కరని చెప్పాడు కాబట్టి ఇప్పుడు ఆ మాట నిలబెట్టుకోవాలి. భార్యను నిలబెట్టుకోవడం కన్నా అదే సులువు. మూడు నెలల కిందట ఈ షెడ్డుకే సులోచనమ్మ వచ్చింది, తన దగ్గర కొన్న చింతామణి ఎట్లుందో చూడటానికి. వినుత పంది పొట్ట మీద చెయ్యి పెట్టి ఎన్ని పిల్లలున్నాయో చెప్పడం చూసి, "ఈ చేయి నాకిచ్చెయ్ అమరనాథప్పా, పందిని ఊరికే ఇస్తా" అని నవ్వింది. "చేయి ఒక్కటే ఎట్ల ఇస్తామమ్మా" అని అతనూ నవ్వాడు. పోయిన వారం ఆమె ఫోన్ చేసింది. "నా ఈత షెడ్డును చూసుకునేదానికి మనిషి కావాల. ఉండేదానికి గది ఉండాది. ఎదురుగానే బడి. ఎవురైనా తెలిసుంటే చెప్పమ్మా." ఎవరిని అడుగుతోందో ఇద్దరికీ తెలుసు. వినుత ఫోన్ పెట్టేసి, అత్తకు కాఫీ కలిపింది. ఇంటి కోడలు ఇంకొకరి షెడ్డులో పని చేస్తుందా?

ఇంటి కోడలు చేయదు. పనామె చేయొచ్చు.

ఆమె చేతుల్లో పిల్ల దగ్గింది. తుమ్మింది. ఊపిరి తీసుకుంది.

ఒంటిగంటకు పన్నెండోది పడి, మాయ వచ్చేసింది. వినుత ఒక్కొక్కదాని పళ్ళు కత్తిరించి, అరవకుండా పట్టుకుని కాటుక పక్కన పెట్టింది. బక్కదాన్ని ముందు చన్నుకు. కాటుక ముక్కుతో వాసన చూసింది. మళ్ళీ చూసింది. పడుకుంది. పదకొండు నోళ్ళు ముర్రుపాలకు అంటుకున్నాయి. వీడియోవాళ్ళు ఒబ్బట్లు తిని బండెక్కారు. రూప రెండుసార్లు షెడ్డు దగ్గరికి వచ్చి, "స్మితా, రామ్మా" అని పిలిచింది. స్మిత తల్లి పక్కన గోనెసంచి మీద కూర్చుని పిల్లల్ని లెక్కపెడుతోంది. లోపలికి వచ్చి తీసుకుపోవాలంటే రూప షెడ్డు గుమ్మం తొక్కాలి. తొక్కలేదు. బ్యాగు గుమ్మంలో పడేసి, కారు తలుపు గట్టిగా వేసుకుని పోయింది.

మూడింటికి అమరనాథ్ వచ్చాడు. చొక్కా మార్చుకున్నాడు.

"ఆ మాట ఏదో నోటికొచ్చేసింది వినుతా. ముందే ఆడవాళ్ళు రారని చెప్పేసినా కదా, ఇంగేం చెప్పాల? ఎడిటింగులో తీసేయమన్నా. పోనీలే. లే, అమ్మ కోపంగా ఉండాది, స్నానం చేసి పోయి కాళ్ళకు దండం పెట్టు."

"తీసేయమని ఎందుకు చెప్పినావు? నిజమే కదా. పనామెనే." వినుత అయోడిన్ సీసా మూత బిగించింది. "పనామె అయితే పని మానేసి పోవచ్చు. పెండ్లామైతేనే కుదరదు."

"యాడికి పోతావు?"

"సులోచనమ్మ ఫారానికి. ఫోన్ చేసినా. స్మిత కూడా వస్తాంది."

అతను నవ్వబోయాడు. ఆమె ముఖం చూసి మానుకున్నాడు. పిల్లల వంక చూశాడు. "నువ్వు పోతే ఇవి చస్తాయి."

ఇదే. ఐదేళ్ళు ఆమెను కట్టేసిన తాడు ఇదే. పుట్టింట్లో తమ్ముడి పెళ్ళికి పోవాలన్నా ఇదే, జ్వరమొచ్చి పడుకోవాలన్నా ఇదే. నువ్వు లేకపోతే చస్తాయి. అంత ప్రాణమున్న చేతులకు ముందు వాకిట్లోంచి రావడానికి మాత్రం అర్హత లేదు.

"నాకూ ఎవరూ నేర్పలేదు. మూడు చచ్చినాక నేర్చుకున్నా. నీకు ఒకటి చచ్చింది. రెండు తక్కువే. చేయి చాపు."

"ఏంది?"

"చేయి."

అతను చాపాడు. చెమటకు పొద్దుటి రాత చెదిరి నీలం మరకైపోయింది. ఆమె పిల్లల వీపు మీద గుర్తు పెట్టే మందపాటి పెన్ను తీసి, అతని అరచేతిలో మొదలుపెట్టి మణికట్టు దాటి మోచేతి దాకా రాసింది. మూడో దినం, పదో దినం, పద్నాలుగో దినం. సెంటు కొట్టుకోవద్దు. కాలు పట్టి ఎత్తవద్దు. "బా" అనాలి.

"ఇంగ ఈ పొద్దు పని. చింతామణికి నలభై రెండో దినం. రా, నువ్వే చెయ్యి."

అతను అటు గదిలోకి దిగి పిల్లల్ని పోగు చేయబోయాడు.

"పిల్లల్ని ముట్టుకోబాక. తల్లిని తియ్యాల. పిల్లలు యాడుండేవి ఆడే ఉండాల. ఒకే దినం తల్లీ పోయి చోటూ పోతే తట్టుకోలేవు. మీ అమ్మకు ఈ మాత్రం తెలిసుంటే నా బిడ్డను కారెక్కించాలని చూసేది కాదు."

చింతామణి బయటికి రావడానికి మొండికేసింది. అతను ముందునుంచి లాగాడు, వెనకనుంచి తోశాడు, రెండుసార్లు పేడలో జారాడు. వినుత గోడకు ఆనుకుని చూసింది. చేయి సాయం చేయాలని ఆమె వేళ్ళు కదిలాయి. ఆ వేళ్ళను మడిచి పట్టుకుంది. చివరికి అతను "బా" అన్నాడు. అది కదిలింది.

తడిక మూయగానే చింతామణి పది పిల్లలూ ఒక్కసారిగా అరిచాయి. అతను చెవులు మూసుకున్నాడు.

"ఎన్ని దినాలు అరుస్తాయి ఇట్ల?"

"మూడు. నా బిడ్డ పదకొండు దినాలు ఏడ్చింది. నువ్వు ముందు గదిలో తలుపేసుకొని పడుకున్నావు."

వినుత స్నానం చేయలేదు. కూతుర్ని ఎత్తుకుని, బ్యాగు భుజాన వేసుకుని, ముందు గది గ్రానైటు మీద పేడ కాళ్ళతో నడిచి, తన చదువు సర్టిఫికెట్లు, రెండు చీరలు తీసుకుని అదే దారిన బయటికి వచ్చింది. సుబ్బలక్ష్మమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఏదో అరుస్తోంది. షెడ్డులో పిల్లల అరుపుల మధ్య ఒక్క మాట కూడా వినబడలేదు.

బాగేపల్లిలో ఐదింటి చింతామణి బస్సు ఎక్కింది. స్మిత ఆమె మెడలో ముఖం దాచుకుని, ఎవరూ ఆపకపోయేసరికి ఆశ్చర్యపోయి, ఇంకా గట్టిగా కరుచుకుంది. చేలూరు దాటాక పక్క సీటావిడ కిటికీ వైపు జరిగింది. కొంగు ముక్కు మీదికి లాక్కుంది. "ఏంది తల్లీ ఆ వాసన, పట్టుచీర కట్టుకొని?"

నిన్నటి వినుతైతే లేచి వెనక సీటుకు పోయేది. కాళ్ళు దగ్గరికి ముడుచుకునేది. ఇప్పుడామె కూతురి జడకున్న రిబ్బను విప్పి, మళ్ళీ తన చేత్తో కడుతూ చెప్పింది.

"పంది పిల్లల వాసనమ్మా. ఈ పొద్దు పన్నెండు పుట్టినాయి. నా చేతికొచ్చిన పదకొండూ బతికినాయి."